ఇద్దరు పిల్లల్ని మిషన్ స్కూల్లో చదివిద్దామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

హన్మకొండ_వాసి
అందరికీ వందనాలు. మాది నర్సంపేట వైపు పల్లె, ఇప్పుడు ఉండేది హన్మకొండలో. ఊళ్లో మా చర్చి సంఘంలో అక్కాచెల్లెళ్లు ఇద్దరున్నారు, ఒకమ్మాయి ఆరో తరగతి, ఒకమ్మాయి నాలుగో తరగతి. తండ్రి లేడు, తల్లి కూలికి పోతది. హాస్టల్ ఉన్న మిషన్ స్కూల్లో వేసి పదో తరగతి దాకా చదివిద్దామని మేం నలుగురం అనుకున్నాం. అందులో ఒకడు అమెరికాలో ఉంటడు. డబ్బు ఎవరి చేతికివ్వాలి? పాస్టరుగారికా, స్కూలుకా, తల్లికా? ఐదారేండ్లు మోయగలమా అన్నదే అసలు టెన్షన్.

సీతాఫలం
నేను అట్లా చదువుకున్నవాణ్నే అన్నా. మమ్మల్ని ‘ప్రాజెక్టు పిల్లలు’ అనేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక నంబరు. ఫీజు, పుస్తకాలు, క్రిస్మస్‌కు కొత్త బట్టలు అన్నీ వచ్చేవి, ఆ మేలు మర్చిపోను. మా ఫీజు కట్టే విదేశీ దాతలకు రాసే ఉత్తరాల సంగతి మాత్రం చెప్పాలి. సార్ బోర్డు మీద రాసేవారు, నలభై మందిమి అదే ఎక్కించేవాళ్లం. ఇష్టమైన పండు పేరు ఒక్కటే ఎవరిది వాళ్లం రాసుకునేది. నేను సీతాఫలం అని రాశా. నాలుగు నెలలకు జవాబు వచ్చింది, ‘మాక్కూడా యాపిల్ అంటే ఇష్టం’ అని! ఇంగ్లిష్‌లోకి మార్చినవాళ్లు ఏం రాశారో దేవుడికే తెలియాలి. ఇంకోసారి మంచు పడ్డ ఇంటి ఫోటో పంపితే మా అమ్మ చాలాసేపు చూసి, ‘ఇంత పత్తి ఇంటి మీద ఆరబోసుకున్నరేంది’ అన్నది.

చెప్పొచ్చేదేంటంటే, పిల్లలతో కృతజ్ఞత ఉత్తరాలు రాయించకండి. కొత్త డ్రెస్ తొడిగి ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఎనిమిదిలో ఒకడు నా ఫోటో చూసి ‘నీ బూట్లు కొన్నది మా మామయ్యే’ అన్నడు. ఆ బూట్లు మళ్లీ వేసుకోలేదు, పాతచెప్పులతోనే ఏడాది గడిపిన.

టీచరమ్మ
ఇరవై ఏండ్ల నుంచి మిషన్ స్కూల్లోనే పాఠాలు చెప్తున్నా. బయటివాళ్లు ఫీజు కడితే పని అయిపోయిందనుకుంటారు. జనవరి దాటితే మా వైపు మిర్చి ఏరుడు. తల్లితోపాటు పిల్ల కూడా పోతే ఇంటికి ఇంకో కూలి వస్తది. ఒకసారి ఏడో తరగతి పిల్ల వారం తర్వాత బడికొచ్చి, వేళ్లు మండుతుంటే చున్నీ కొసతో పెన్ను పట్టుకొని యూనిట్ టెస్ట్ రాసింది. ఆ పిల్లకు ఆ ఏడాది ఫీజు మొత్తం ఎవరో కట్టారు! కాబట్టి ముందు తల్లితో కూర్చొని మాట్లాడండి. హాస్టల్లో వేసినా దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పిల్లలు వెనక్కి రాకపోవడం చాలా చూశా. ఆ రోజుల్లో ఆటో చార్జీ చేతిలో పెట్టి, ఎవరైనా పోయి తీసుకురావాలి.

ఇంకోటి, ఫీజు కాగితంలో కనపడని ఖర్చు: పెట్టె, బకెట్, దుప్పటి, నూనె, సబ్బులు, పెద్దపిల్లకు ప్యాడ్లు. అవి అడగడానికి పిల్లలకు మొహమాటం. నెలకింత అని వార్డెన్ సిస్టర్ దగ్గర పెట్టండి.

ఊరోడు99
ఏమనుకోవద్దు, క్రిస్టియన్ స్కూలే ఎందుకు? గురుకులాల్లో తిండి, హాస్టల్, చదువు అన్నీ ఉచితమే కదా. మతం నేర్పడానికే ఇదంతా అనేవాళ్లు కూడా ఉంటరు.

టీచరమ్మ
తమ్ముడూ, వాళ్లు ఆ సంఘం పిల్లలే, ఇక్కడ మార్చేదేముంది. మా దగ్గర సగానికి పైగా హిందువుల, ముస్లింల పిల్లలే. వాళ్లు నీతిపాఠాల క్లాసులో కూర్చుంటారు, బైబిల్ క్లాసుకు కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. గురుకులం మాట మాత్రం నిజం. చిన్నమ్మాయికి ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించొచ్చు, సీటొస్తే మీ డబ్బు పెద్దమ్మాయికి సరిపోతది.

లెక్కలచిట్టా
కుల ధ్రువపత్రం ముందే చూసుకోండి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. కొందరి కాగితాల్లో ఒకటి, చర్చి రిజిస్టర్లో ఒకటి ఉండి, అడ్మిషన్ వేళ తిప్పలు పడతారు.

అమెరికా స్నేహితుడి సంగతి. ఆయనది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే, సొంత జీతం బ్యాంకు ద్వారా ట్రస్టుకో స్కూలుకో పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారితే, ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు బదలాయించడానికి వీల్లేదు. ఇదివరకు పెద్ద సంస్థకు వచ్చి ఊళ్లోని చిన్న హాస్టళ్లకు చేరేది, ఆ దారి మూసుకుపోయింది. అంతకుముందే, 2017 మార్చిలో పేద పిల్లలకు స్పాన్సర్లను చూసే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ఆపేసినప్పుడు, దేశం మొత్తం మీద లక్షకు పైగా పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఆగింది. అందుకే నలుగురు ఊరివాళ్లు కలిసి చేసేదే నాకు నయమనిపిస్తది.

వేరేవాళ్ల పిల్లల ఫీజు కడితే పన్ను మినహాయింపు రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

కాజీపేట_జంక్షన్
మాదీ ఇలాంటిదే, నెలకు తలా ఐదొందలు, పది మందిమి. మూడో ఏటికి నలుగురమే మిగిలాం. అడిగితే ‘వచ్చే నెల పక్కా’ అంటారు. పిల్లాడు తొమ్మిదిలో ఉన్నడు, మధ్యలో ఎట్లా దింపుతాం? నేను, మా ఆవిడ చిట్టీ ఎత్తి కట్టినం. మొదలుపెట్టే ముందే ఒక సంవత్సరం ఫీజు ఎఫ్‌డీ వేసుకోండి. పాస్టరుగారి చేతికి ఇవ్వొద్దు. ఆయన మీద అనుమానం కాదు, ‘వాళ్ల పిల్లకు ఇప్పించి మా పిల్లకు ఇప్పించలేదు’ అని సంఘమంతా ఆయన మీద పడతది. నేరుగా స్కూలు ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి.

హన్మకొండ_వాసి
నిన్న తల్లిని కలిసినం. ఫీజు గురించి ఏం అడగలేదు. ‘ఇద్దరినీ ఒకేసారి పంపిస్తే ఇల్లు చిన్నబోతది’ అన్నది. చిన్నదాన్ని ఏడాది ఆగి గురుకులం పరీక్ష రాయిద్దామన్నాం, పెద్దదాన్ని జూన్‌లో చేర్పిస్తాం. అమెరికా వాడు పౌరసత్వం తీసుకున్నడట, మాకూ చెప్పలేదు! అందుకే ఇప్పటికి ముగ్గురం. శనివారం ఫీజు కాగితం కోసం స్కూలుకు పోతున్నా.

టీచరమ్మ
శనివారం పదకొండు లోపల పోండి. తర్వాత క్లర్కు ఉండడు.