ఇంపోర్ట్ గ్రాఫ్ చూసి బిల్డ్ ఆపాలా? పైడెప్స్ మీద లొల్లి

మిర్యాలగూడ_దేవ్:
రైస్ మిల్లుల సాఫ్ట్‌వేర్ మాది, పైథాన్. కాంటా, స్టాక్, బిల్లింగ్, సీఎంఆర్ (సర్కారు వడ్లు మర పట్టి బియ్యం అప్పజెప్పే లెక్క) అని నాలుగు ప్యాకేజీలు, అందరికీ పనికొచ్చేవి కామన్‌ల. ఏ మాడ్యూల్ దేన్ని ఇంపోర్ట్ చేస్తదో, అంటే తెచ్చుకొని వాడుకుంటదో, బొమ్మ గీసే పైడెప్స్‌తోని గ్రాఫ్ తీస్తే కళ్లు తిరిగినయ్. కామన్ నుంచి బాణాలే బాణాలు. చుట్టు తిరిగి మళ్ల మొదటికే వచ్చే ఇంపోర్ట్‌లను (సైకిల్స్) చూపెట్టే షో-సైకిల్స్ ఆప్షన్ పెడితే బిల్లింగ్, స్టాక్ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటున్నయని తేలింది. నేననేది, ఇంపోర్ట్‌లు రూల్ తప్పినయా అని చూసే ఇంపోర్ట్ లింటర్‌ల, ఏది పైన ఏది కింద అనే లేయర్ల రూల్ రాసి సీఐల (కోడ్ పంపినప్పుడల్లా దానంతటదే నడిచే చెక్‌ల) పెట్టాలె. కింది లేయర్ పైదాన్ని ఇంపోర్ట్ చేస్తే బిల్డ్ ఆడనే ఆగాలె. టీంల సగం మంది వద్దంటున్నరు. మీరేమంటరు?

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
తమ్మీ, బాణం ఎటు నుంచి ఎటు పోతదో చూసినవా? పైడెప్స్ మామూలుగ ఇంపోర్ట్ అయిన మాడ్యూల్ నుంచి దాన్ని తెచ్చుకున్న మాడ్యూల్ దిక్కు గీస్తది. రివర్స్ ఆప్షన్ ఇస్తేనే తిరగబడ్తది. కామన్ నుంచి బాణాలు బయటికి పోతున్నయంటే అందరు దాన్ని వాడుకుంటున్నరని. దాంట్ల తప్పేముంది? సీఎంఆర్‌ల క్వింటా వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 లెక్క కట్టియ్యాలె. ఆ రెండంకెలు ఒక్క కాడనే ఉండాలె. నాలుగు ఫైళ్ల రాసుకుంటే, రేపు లెక్క మారిందనుకో, మూడు దిద్ది నాలుగోది మర్చిపోతరు. కామన్ పోయి బిల్లింగ్‌ను ఇంపోర్ట్ చేస్తే చెప్పు, నేనే వచ్చి తీసేస్త.

దేవరకొండ_ఫ్రెషర్:
పైడెప్స్ నడిపితే నాకు డాట్ (బొమ్మ గీసే గ్రాఫ్‌విజ్ ప్రోగ్రాం) దొరకలేదని ఎర్రర్ వస్తున్నది. పిప్‌తోని గ్రాఫ్‌విజ్ వేసిన కదా?

వనపర్తి_టెస్టర్:
పిప్‌లో వచ్చేది పైథాన్ లైబ్రరీ ఒక్కటే తమ్ముడూ. అసలు గ్రాఫ్‌విజ్ వేరేగా ఇన్‌స్టాల్ చేసి, దాని బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో కలుపు.
దేవ్, నువ్వు మ్యాక్స్-బేకన్ (ఎన్ని మెట్ల దూరం దాకా గీయాలో చెప్పే ఆప్షన్) ఎంత పెట్టినవ్? మామూలుగా 2 ఉంటుంది. 0 అంటే హద్దు లేదని. అట్లా తీస్తే ఎవరి ప్రాజెక్టయినా కళ్లు తిరుగుతాయి.

మిర్యాలగూడ_దేవ్:
0 పెట్టిన అక్కా. బాణం ఎటన్నా ఉండనీ, సైకిల్‌కు ఎటు చూసినా సైకిలే కదా. దాని సంగతి అన్న చెప్తలేడు. స్టాక్‌ల ఆ ఇంపోర్ట్‌ను ఫంక్షన్ లోపల పెట్టిన్రు.

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
లోపల పెడితే ఇంకేం కావాలె? ఆ ఫంక్షన్‌ను పిలిచినప్పుడే నడుస్తది, అప్పటికి రెండూ లోడయి ఉంటయ్. పైడెప్స్ బైట్‌కోడ్‌ల (పైథాన్ మన కోడ్‌ను మార్చుకునే రూపంల) ఇంపోర్ట్ ఆప్‌కోడ్‌లు, అంటే ఇంపోర్ట్ చెయ్యమనే ఆజ్ఞలు, ఏరుతది. అది పైనుందా, ఫంక్షన్ లోపలుందా, టైపులు చూసే టూల్ కోసమే పెట్టే టైప్ చెకింగ్ కింద అసలు నడవనిదా అని చూడదు, అన్నిటికీ ఒక్క తీరుగనే గీత గీస్తది. అదే ఇంపోర్ట్‌లిబ్‌కు (నడిచేటప్పుడు మాడ్యూల్ తెచ్చే పైథాన్ లైబ్రరీకి) మాడ్యూల్ పేరు స్ట్రింగ్‌గ ఇచ్చి పిలువు, గీతే రాదు. వెబ్‌సైట్లు కట్టే జాంగోల ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్ట్‌ల పేర్లన్నీ స్ట్రింగులే. లేనిదాన్ని చూపెట్టి ఉన్నదాన్ని ఇడిసిపెట్టే బొమ్మను నమ్ముకొని బిల్డ్ ఆపుతవా?

మిర్యాలగూడ_దేవ్:
టైప్ చెకింగ్‌వి లెక్కల పట్టొద్దని ఇంపోర్ట్ లింటర్‌ల ఆప్షన్ ఉన్నదన్నా. ఫంక్షన్ లోపల ఎందుకు పెట్టిన్రో అది చెప్పు. పైన పెడితే ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ (సగమే లోడయిన మాడ్యూల్) అని, సర్క్యులర్ ఇంపోర్ట్ కావచ్చని, 3.8 నుంచి పైథానే మొఖం మీద చెప్తున్నది. ఎర్రర్ కనవడకుండ చేసిన్రు, అంతే.

సూర్యాపేట_జేఎస్:
మా జావాస్క్రిప్ట్ దిక్కు ఇట్లనే గ్రాఫ్ గీసే మ్యాడ్జ్ ఉన్నది. ఇదే లొల్లి.

వనపర్తి_టెస్టర్:
స్టాక్‌కు చిన్న టెస్ట్ రాద్దామంటే బిల్లింగ్, దాని వెనక జీఎస్టీ, డేటాబేస్ అన్నీ లేవాలి. ఫంక్షన్ లోపలున్నా బయటున్నా నాకు అదే కష్టం. ఇది ఎవ్వరూ మాట్లాడరేం?

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
నేను ఇంతకుముందు చేసిన కంపెనీల మేనేజర్ ఇట్లనే గ్రాఫ్ ప్రింట్ తీసి మీటింగ్ రూం గోడకు అతికిచ్చిండు. గీతలెక్కువున్న మాడ్యూల్ ఎవరిదన్నడు. నాదే. క్లయింట్ అడిగినయన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టిరి మరి. ఆ యేడు హైక్ రాలె. ఒక్క గీత లేని మాడ్యూల్ రాసినాయనకు వచ్చింది. అదేందో తెలుసా, ఎవ్వరూ తెరవని రిపోర్ట్!

మిర్యాలగూడ_దేవ్:
అది మేనేజర్ మీద కోపం, టూల్ మీద కాదు.

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
మంచిది. వడ్లు దిగే రోజులల్ల కాంటా మీద లారీ ఆగి, వెనక లైన్ రోడ్డు దాక వస్తది. రెండు లైన్ల ఫిక్స్ చేసినవ్, లింటర్ వద్దన్నది. సేటుకేం చెప్తవ్, లేయర్ తప్పిందనా?

మిర్యాలగూడ_దేవ్:
నా సంగతి కూడ ఇను. నేను చేరినంక మా సీనియర్ మానేసి పోయిండు. స్టాక్‌ల ఒక్క ఫీల్డ్ పేరు మారిస్తే బిల్లింగ్‌ల తూకం చీటీ ప్రింటయితలేదు. ఎందుకో చెప్పేటోడు లేడు, ఫోన్ చేస్తే ఎత్తడు. మీకు గ్రాఫ్ అక్కర్లేదన్నా, మీ తలకాయలనే ఉన్నది. అది బయటికొస్తే మిమ్మల్ని అడిగేటోడు ఉండడని మీ భయం.

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
మాట జర సక్కగ రానీ. నన్ను అడగకపోతే నాకే సుఖం, రాత్రి పూట పండుకుంట. గ్రాఫ్‌తోని నాకు పంచాయితి లేదు, నేను కూడ తీస్త. రూల్ ఎవరు రాస్తరు? నిన్న చేరినోడు బొమ్మ చూసి రాస్తడా, ఫోన్ ఎత్తేటోడు రాస్తడా? నా లొల్లంతా గదే.

వనపర్తి_టెస్టర్:
ఇంత సేపటికి అసలు ముచ్చట బయటపడ్డది. ఇంపోర్ట్ లింటర్‌లో ఇగ్నోర్ ఇంపోర్ట్స్ ఉంది. ఇప్పుడున్న తప్పులన్నీ అందులో రాసిపెడితే కొత్తది వచ్చినప్పుడే బిల్డ్ ఆగుతుంది. ఒక్కో లైన్ మీద అది ఎందుకుందో కామెంట్ పెట్టాలి, ఆ కామెంట్ సీనియర్లే రాయాలి.

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
రాస్తం. ఎప్పుడు తీసెయ్యాల్నో కూడ మేమే చెప్తం.

మిర్యాలగూడ_దేవ్:
అంటే ఎన్నటికీ తియ్యరు.

జడ్చర్ల_బ్యాక్‌ఎండ్:
సీజన్ అయిపోనీ, తీద్దాం.

మిర్యాలగూడ_దేవ్:
వానాకాలం వడ్లు అయిపోతే యాసంగి వడ్లు వస్తయన్నా.