అప్‌డేట్: వంటింట్లో బొద్దింకలు, బాబుకి పిల్లికూతలు

ఎంత స్ప్రే కొట్టినా సన్న బొద్దింకలు పోవట్లేదు, బాబుకి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఎక్కువయ్యాయి, రెండిటికీ సంబంధం ఉందా అని అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

సంబంధం ఉండొచ్చనే పిల్లల డాక్టరు గారు అన్నారు. బొద్దింకల రెట్ట, లాలాజలం, అవి విడిచిన పొరలు దుమ్ములో కలిసి ఆస్తమా ఉన్న పిల్లలకు ఎలర్జీ తెస్తాయట. చచ్చినవి మూలల్లో పడున్నా అదే బాధ. అందుకే అల్మారాలన్నీ ఖాళీ చేసి తడిగుడ్డతో తుడిచాం. స్ప్రే ఘాటు కూడా వాడికి పడదు కాబట్టి అది పూర్తిగా మానేశాం.

మావి జర్మన్ బొద్దింకలు. ఆడది గుడ్ల సంచిని పిల్లలు బయటికొచ్చే దాకా ఒంటికే అంటిపెట్టుకుని తిరుగుతుంది, సంచికి 30 నుంచి 40 గుడ్లు! మీలో చాలామంది చెప్పిన జెల్ మందే పనిచేసింది. ఫ్రిజ్ వెనక, సింకు కింద, తలుపు బందుల దగ్గర పెసరగింజంత చుక్కలు పెట్టాం. తిన్నది గూటికెళ్లి చస్తుంది, దాని రెట్ట, కళేబరం తిన్నవీ చస్తాయి. దగ్గర్లో స్ప్రే కొడితే మాత్రం అవి జెల్ ముట్టవు, ఇది గుర్తుంచుకోండి.

రాత్రి అంట్లు వదలట్లేదు, సింకు పొడిగా తుడుస్తున్నాం. ఇప్పుడు ఎప్పుడో ఒకటి కనిపిస్తోంది, అంతే. బాబు నిద్రపోతున్నాడు, ఇన్‌హేలర్ మాత్రం డాక్టరు చెప్పినట్టే వాడుతున్నాం. పైపుల వెంట మళ్లీ రాకుండా పై ఫ్లాటు వాళ్లు కూడా జెల్ పెడతామన్నారు.