ఒక్క శనివారం, ఆరుగురు చుట్టాలు: హైదరాబాద్‌లో చార్మినార్ వైపా, మాదాపూర్ వైపా?

నల్లకుంట వాసి (చర్చ ప్రారంభం):

వచ్చే నెల మొదటి శనివారం మా బావమరిది కుటుంబం బొబ్బిలి నుంచి హైదరాబాద్ వస్తోంది. మామగారు, అత్తగారు, బావమరిది దంపతులు, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, మొత్తం ఆరుగురు. ఆదివారం ఒక పెళ్లి చూసుకుని అదే రాత్రి రైలెక్కుతారు కనుక, ఊరు చూపించి నాలుగు రుచులు తినిపించడానికి మా చేతిలో ఉన్నది శనివారం ఒక్కటే. ఆ ఒక్క రోజు కోసం మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కొండాపూర్ మాల్, అక్కడే సినిమా, రాత్రికి దుర్గం చెరువు తీగల వంతెన అని మా అబ్బాయి అంటున్నాడు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, మొజంజాహీ మార్కెట్ అని నేను అంటున్నాను.

నా పక్షాన నేను చెప్పేది ఇదీ. మాల్ విశాఖపట్నంలోనూ ఉంది, బొబ్బిలి వారికి విశాఖ ఎంత దూరమని? అక్కడ దొరకనిది చూపించకపోతే ఇంత దూరం రప్పించి ప్రయోజనమేమిటి? పైగా పాతనగరం తిండికి ఒక వేళ ఉంది. తెల్లవారుజామున నహారీ, పాయా అనే మాంసం పులుసులు, పొద్దెక్కాక ఖిచిడీతో ఖీమా, పక్కన పుల్లటి ఖట్టా, మధ్యాహ్నం బిర్యానీ, ఎండ తగ్గాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. హలీం సంగతైతే వేళ కూడా కాదు, దానికి ఏకంగా ఒక నెల ఉంది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకాన్ని రంజాన్ రాత్రుల్లో తిన్నవారు మిగతా పదకొండు నెలలు దాని పేరెత్తరు. మాదాపూర్ వైపు ఏ వేళకైనా ఏదైనా దొరుకుతుంది. అందరూ దాన్ని సౌకర్యమంటారు, నాకు మాత్రం అదే లోపంగా కనిపిస్తుంది. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

నిజాంపేట రోడ్డు:

నల్లకుంట వాసి గారూ, మీరు రాసింది చదవడానికి బాగుంది కానీ, అందులో మీ మామగారి మోకాళ్లు ఎక్కడా కనబడలేదు. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు. మెట్రో ఎంజీబీఎస్ పెద్ద బస్‌స్టాండు దాకానే పోతుంది, అక్కడి నుంచి ఇంకా రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మీ దంపతులనూ అబ్బాయినీ కలుపుకుంటే తొమ్మిది మంది, అంటే మూడు ఆటోలు. శనివారం సాయంత్రం మదీనా చౌరస్తాలో మూడు ఆటోలు ఒకదాన్నొకటి తప్పిపోకుండా చార్మినార్ చేరితే నేను మీకు బిర్యానీ తినిపిస్తాను. పెద్దవాళ్లను తీసుకువెళ్లేటప్పుడు శుభ్రమైన మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందన్నది బిర్యానీ రుచి కన్నా పెద్ద ప్రశ్న. ఈ మాట చర్చల్లో ఎవరూ రాయరు, ఇంటికి వచ్చాక మాత్రం ఆడవాళ్లందరూ అదే చెబుతారు.

మాదాపూర్ వైపు అంతా అద్దాల మేడలే అన్నది కూడా సరికాదు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గరే శిల్పారామం ఉంది. పిల్లలు పరుగెత్తడానికి చోటు, పెద్దలు కూర్చోవడానికి చెట్ల నీడ, చేనేత దుకాణాలు, వారాంతాల్లో సాయంత్రం పూట ప్రవేశ టికెట్టుతోనే చూడగలిగే కూచిపూడి, భరతనాట్య ప్రదర్శనలు అక్కడ ఉన్నాయి. చీకటి పడ్డాక 2020లో ప్రారంభమైన తీగల వంతెన దీపాలు చూడవచ్చు. ఇక సినిమా ఖర్చంటారా, 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మల్టీప్లెక్సు మామూలు సీటుకు గరిష్ఠ ధర 250 రూపాయలు, ఏసీ ఉన్న సింగిల్ థియేటరుకు 150, రెండింటికీ పన్ను అదనం. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో పెంచుకునే మొదటి రోజులను వదిలేస్తే తేడా వంద రూపాయలు. ఆ వందకు మీ మామగారికి మెట్లెక్కే బాధ తప్పి లిఫ్టు దొరుకుతుంది.

సంతోష్‌నగర్ కోడలు:

ఇద్దరు పెద్దమనుషులూ ఒక సంగతి మరిచారు. వారు వస్తున్నది శనివారం. బొబ్బిలి అత్తగారు శనివారం మాంసం ముట్టుకుంటారా, లేదా అన్నది ముందు కనుక్కోండి. మా అత్తగారైతే ముట్టరు, అంతేకాదు, అదే వంటగదిలో వండిన వెజ్ బిర్యానీ కూడా తినరు, అక్కడ నీళ్లు తాగడానికి కూడా సందేహిస్తారు. మీరందరూ మదీనా దగ్గర బిర్యానీ తింటుంటే ఆవిడ చేతిసంచిలోంచి అరటిపండు తీసుకుని ఒలుచుకుంటూ కూర్చుంటారు, మీకు ముద్ద దిగదు.

పాతనగరంలో శాకాహారులకు ఏమీ ఉండదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. పొద్దున్నే వెళ్లగలిగితే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న వేసి కాల్చే దోసె, పెనం మీద వేయించే ఇడ్లీ దొరుకుతాయి. కూర్చోవడానికి కుర్చీ ఉండదు, నిలబడే తినాలి. మధ్యాహ్నానికి అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో శాకాహార భోజనం ఉంది. కోఠీలో గోకుల్ చాట్ ఉంది. 2007 ఆగస్టు 25 రాత్రి అక్కడ బాంబు పేలి ఎందరో చనిపోయారు, మా పెదనాన్నగారు ఆ తర్వాత చాలాకాలం ఆ దారినే పోలేదు. ఇప్పుడు మళ్లీ అదే కొట్టు ముందు ఆకు దొన్నెలు, ప్లేట్లు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. సాయంత్రానికి 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాతి కట్టడం, దాని ఆవరణలో కుర్చీలు వేసి ఇచ్చే సీతాఫలం ఐస్‌క్రీం, ఎదురుగా కరాచీ బేకరీ. సీతాఫలం దొరికేది దాని కాలంలోనే, మిగతా రోజుల్లో సపోటానో మామిడో ఉంటుంది. అత్తగారికి అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు.

నల్లకుంట వాసి:

కనుక్కున్నాను. శనివారం ముట్టరట. మా ఆవిడ ఈ సంగతి నాకు ముందే చెప్పిందట, నేను వినలేదట. ఈ వాదన మరో చర్చకు వదిలేద్దాం.

నిజాంపేట రోడ్డు గారు చెప్పిన మరుగుదొడ్డి మాటను కాదనలేను. అయితే దానికి సమాధానం కూడా అటే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్దలు కూర్చోవచ్చు, నీడ ఉంది, సౌకర్యాలు ఉన్నాయి. శుక్రవారం సెలవు కనుక మన శనివారానికి ఇబ్బంది లేదు. పన్నెండు కొట్టే వేళకు సంగీత గడియారం ముందు జనమంతా బెంచీల మీద సర్దుకుని, బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టడం కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు. సెల్‌ఫోనులో సమస్తమూ చూసిన పిల్లలు కూడా ఆ నిమిషం కదలరు, ఇది నేను నాలుగుసార్లు చూసి చెబుతున్న మాట. మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు మా మామగారు ఎంతసేపు నిలబడతారో నాకు ఇప్పుడే తెలుసు, ఆయన చిన్నప్పుడు రాతిపనివారి వీధిలో పెరిగారు.

భోజనం విషయంలో ఒక్క మాట. మాదాపూర్, కూకట్‌పల్లి వైపు ఇప్పుడు గోదావరి జిల్లాల పులసనుంచి రాయలసీమ రాగిసంకటి, నాటుకోడి పులుసు దాకా అన్నీ దొరుకుతాయని అంటారు, నిజమే. కానీ బొబ్బిలి నుంచి వచ్చినవారికి గోంగూర, ముద్దపప్పు పెట్టడానికి హైదరాబాద్ దాకా ఎందుకు రప్పించాలి?

నిజాంపేట రోడ్డు:

ఎందుకంటే రెండో పూటకు వాళ్లు అదే అడుగుతారు కనుక. మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ మధ్యాహ్నం బిర్యానీని మెచ్చుకుని, రాత్రికి చారూ పెరుగన్నమూ ఉందా అని మెల్లగా అడిగినవారే. ఆ రాత్రి భోజనం మీ లెక్కలో లేదు.

నా పక్షానికి వ్యతిరేకంగా ఒక సంగతి నేనే చెబుతాను, లేకపోతే న్యాయం కాదు. పోయిన ఏడాది మా చుట్టాలను గచ్చిబౌలి వైపు ఒక పెద్ద రెస్టారెంటుకు తీసుకువెళ్లాను, పేరు అనవసరం. బిల్లులో అడగకుండానే పది శాతం సేవా రుసుము వేశారు. అలా దానంతట అదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసివేయమని నేను అడిగితే మేనేజరు తీసేశాడు, కానీ ఆ పది నిమిషాలు మా బాబాయిగారు నా వైపు చూడలేక బల్లమీది ఉప్పుడబ్బాను తిప్పుతూ కూర్చున్నారు. డబ్బు మిగిలింది, విందు చెడింది. నిలబడి చాయ్ తాగే చోట ఈ బాధ లేదని ఒప్పుకుంటున్నాను.

క్రాస్‌రోడ్స్ ప్రేక్షకుడు:

సినిమా గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. హైదరాబాద్‌లో చూడవలసింది సినిమా కాదు, సినిమా చూసే జనాన్ని. అది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోనే సాధ్యం. సుదర్శన్ 70 ఎంఎం పోయింది, కానీ సుదర్శన్ 35 ఎంఎం, దేవి, సంధ్య ఉన్నాయి. అయితే మామగారినీ తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణీ తీసుకుని పెద్ద హీరో సినిమా మొదటి మూడు రోజుల్లో వెళ్లకండి. రెండో వారం మ్యాట్నీకి వెళితే ఈలలు తగ్గుతాయి, ప్రశాంతంగా బాల్కనీలో కూర్చోవచ్చు, బయటకు రాగానే ఎదురుగా బిర్యానీ. నల్లకుంట నుంచి మీకు అది నడక దూరం, అంత దగ్గర ఉన్నదాన్ని మీ ఇంట్లో రెండు పక్షాలూ మరిచిపోవడం వింతగా ఉంది.

రంగస్థల అభిమాని:

తిండికీ సినిమాకీ మధ్య నాటకాన్ని మీరందరూ పూర్తిగా తుడిచేశారు. రవీంద్రభారతిలో శనివారం సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉండని వారం అరుదు, తరచుగా ప్రవేశం ఉచితం. బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో రాతి మెట్ల మీద కూర్చుని నాటకమో సంగీతమో చూస్తూ తక్కువ ఖర్చుతో చాయ్, సమోసా తినవచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారితో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఇప్పటికీ నగరం పశ్చిమాన లింగంపల్లి దగ్గర కాలనీలో ఉన్నాయి. వారి ప్రదర్శన ఆ వారం ఉందో లేదో ముందుగా కనుక్కోండి. ఉంటే తక్కిన పథకాలన్నీ రద్దు చేసుకోండి. రంగస్థలం మీద మంటలు లేస్తాయి, మనిషి గాలిలోకి ఎగురుతాడు, తెరలు కళ్లముందే మారతాయి. మీ పద్నాలుగేళ్ల అమ్మాయి ఫోను సంచిలో పెట్టేస్తుంది.

సంతోష్‌నగర్ కోడలు:

లింగంపల్లి నుంచి చార్మినార్‌కు ఒకే రోజు అనకండి. అసలు గొడవంతా ఇక్కడే వస్తోంది. చార్మినార్ నుంచి మాదాపూర్‌కు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రెండూ చూపిస్తామని బయలుదేరినవాళ్లు ఏదీ చూపించరు, మెహదీపట్నం రద్దీని మాత్రం చూపిస్తారు. ఒక దిక్కు ఎంచుకుని, రెండో దిక్కు ఊసే ఎత్తకండి.

నల్లకుంట వాసి:

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో కూర్చుని ఈ సమాధానాలన్నీ పైకి చదివి వినిపించాను. ఇలా అనుకున్నాం: ఉదయం పదింటికి సాలార్‌జంగ్, పన్నెండు గంటల గడియారం చూశాక అందరం అబిడ్స్‌లో శాకాహార భోజనం. బిర్యానీ ఆదివారం పెళ్లిలో ఎలాగూ ఉంటుందని మా బావమరిది ఫోనులో అన్నాడు, అతనికే పెద్దగా పట్టింపు లేదని అప్పుడు తెలిసింది. ఎండ తగ్గాక మామగారు, అత్తగారు, మా ఆవిడ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం కుర్చీల్లో కూర్చుంటారు, నేను పిల్లలను మాత్రం చార్మినార్ దాకా తీసుకువెళ్లి, నిమ్రా ఇరానీ హోటల్ ముందు నిలబెట్టి చాయ్ తాగించి, లాడ్‌బజార్‌లో అమ్మాయికి గాజులు కొనిపించి వెనక్కి తీసుకొస్తాను. రాత్రికి ఇంట్లో చారు, పెరుగన్నం.

మా అబ్బాయి ఓడిపోలేదు. తీగల వంతెన ఆదివారం పెళ్లికి వెళ్లే దారిలో పడుతుందట, కల్యాణమండపం మాదాపూర్‌లోనే ఉందని శుభలేఖ వెనకవైపు చూసి వాడే కనిపెట్టాడు.