అక్క జీతంతో కొన్న స్థలం అమ్మకి రాదా?

బొబ్బిలి చెల్లెలు:
మా అక్క నర్సు. పెళ్లైన ఏడాదికే బావ పోతే అత్తింటివాళ్లు పంపేశారు, అప్పట్నుంచి అమ్మ దగ్గరే ఉండి డ్యూటీ చేసుకుంటూ బొబ్బిలిలో 150 గజాలు కొనుక్కుంది. పిల్లల్లేరు. మాఘంలో అక్క పోయింది. అత్తామామలు కూడా లేరు. పదకొండేళ్లు మొహం చూపించని మరుదులు ఇప్పుడొచ్చి స్థలం మాదే అంటున్నారు, లాయరూ అవునంటున్నాడు! ఆడామగా తేడా చూపబోమని మన దేశం ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో చేరింది కదా, ఇదేటి న్యాయం?

విజయనగరం లా విద్యార్థి:
చాలా బాధగా ఉందండి. కానీ లాయరు చెప్పింది నిజమే. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం భర్తా పిల్లలూ లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం ముందు భర్త వారసులకి వెళ్తుంది, వాళ్లెవరూ లేకపోతేనే కన్నవాళ్లకి. 2009లో సుప్రీంకోర్టులో ఇలాంటిదే ఓంప్రకాశ్ కేసు, అత్తవారు గెంటేసిన ఆవిడ ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బు కూడా భర్త వైపుకే పోయింది. ఇక ఆ ఒప్పందం, సీడా, 1993లో ఆమోదించాం గానీ పెళ్లి, కుటుంబాల గురించిన 16వ అధికరణం దగ్గర ఓ మెలిక పెట్టాం: ఏ వర్గమైనా తనంతట తాను కోరి ఒప్పుకుంటే తప్ప దాని సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని. పైగా పార్లమెంటు చట్టం చేస్తేనే గానీ ఒప్పందం ఇక్కడ నేరుగా అమలు కాదు.

నరసన్నపేట:
వర్గం కోరాలంటే ఎవరు కోరాలి? ఈ అమ్మ కోరితే లెక్కలోకి రాదా? ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబరు నుంచి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చారు, 2005లో దేశమంతా ఇచ్చారు, ధర్మం ఎక్కడా కూలిపోలేదే. సెక్షన్ 15 మార్చమని, చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2008లోనే 207వ నివేదికలో చెప్పింది. చెల్లెమ్మా, అక్క బీరువా ఓసారి వెతుకు. వీలునామాకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నా చెల్లుతుంది.

బొబ్బిలి చెల్లెలు:
బ్యాంకు డిపాజిట్‌కి అమ్మే నామినీ, అదైనా దక్కుతుందా?

విజయనగరం లా విద్యార్థి:
డబ్బు అమ్మ చేతికి ఇస్తారు. కానీ నామినీ అంటే సొంతదారు కాదండి, మరుదులు దావా వేయొచ్చు.

బొబ్బిలి చెల్లెలు:
బీరువా అంతా చూశాను అన్నా. జీతం స్లిప్పులు, స్థలం కాగితాలు, అంతే. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు.