అప్‌డేట్: జావా 250 తెల్ల పొగ, గేర్ ఆయిల్ తగ్గడం – కారణం దొరికింది

నాన్నగారి 1969 జావా బైక్ గురించి మే నెలలో ఇక్కడే అడిగాను. పది కిలోమీటర్లు పోగానే దారంతా తెల్ల పొగ, వేడెక్కాక ఐడ్లింగ్ నిలవదు (యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది), స్పార్క్ ప్లగ్ నూనెలో ముంచి తీసినట్టు.

"గేర్ ఆయిల్ మట్టం చూశావా తమ్ముడూ" అన్న అన్నకి దండాలు, అదే అసలు సంగతి. నెల కింద పోసింది సగానికి దిగింది, నేల మీద మాత్రం చుక్క లేదు. అంటే ఇంజినే తాగేస్తోంది.

మా పాత బళ్ల క్లబ్బులో ఒక పెద్ద మెకానిక్ ఇంజిన్ దించి కేసులు విడదీశారు. క్లచ్ వైపు క్రాంక్ సీల్ (గేర్ ఆయిల్ ఇంజిన్‌లోకి రాకుండా ఆపే రబ్బరు రింగు) అంచు గోటితో గీకితే పెచ్చులూడింది. టూ స్ట్రోక్ కదా, పిస్టన్ పైకి లేచినప్పుడల్లా క్రాంక్ కేసులో, అంటే పిస్టన్ కింది గదిలో, పుట్టే లాగుడుకి ఆ సందులోంచి గేర్ ఆయిల్ లోపలికి పోయి కాలుతోంది. ఎలాగూ విప్పాం కదా అని రెండు సీళ్లూ, బేరింగులూ మార్చేశాం.

ఈ జబ్బుకి కండెన్సర్, పాయింట్లు (స్పార్క్ పుట్టించే భాగాలు), కార్బురేటర్ జెట్లు మార్చడం దండగ ఖర్చు. పొగ తగ్గాలని పెట్రోల్లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్ తగ్గించమన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి, పిస్టన్ పట్టేస్తుంది. నేను మళ్లీ లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్‌కే వచ్చాను.

జూలై రెండో ఆదివారం, జావా దినం రోజున, 80 కిలోమీటర్లు తిరిగాం. ఆయిల్ మట్టం కదల్లేదు. కిక్ కొట్టి అదే రాడ్డు మడిచి గేరేస్తుంటే సిగ్నల్ దగ్గర పిల్లలు నోరెళ్లబెట్టారు.