అక్టోబర్ 31కి ఇంట్లో దెయ్యాల కాక్‌టెయిల్: డ్రై ఐస్ వేయొచ్చా?

మహేంద్రతనయ_గట్టు (పర్లాకిమిడి):
మా అబ్బాయికి పుణెలో ఉద్యోగం. నెలాఖరుకి ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. "హాలోవీన్ కదమ్మా, భయపెట్టే కాక్‌టెయిల్ ఏదైనా చెయ్యి" అన్నాడు. నాలుగు రోజుల నుంచి వంటింట్లో ఇదే పని. ఐదారు శంఖుపూలు వేడినీళ్లలో పడేస్తే పది నిమిషాల్లో సిరా నీలం దిగింది. చిక్కటి బెల్లం పాకంలో బీట్‌రూట్ రసం కలిపి గ్లాసు అడుగున పోశాను. బరువుకి అక్కడే కూర్చుంది, గడ్డకట్టిన నెత్తురులాగ. దాని మీద ఐసు, ఆ పైన 30 మి.లీ. తెల్ల రమ్ము కలిపిన నీలం నీళ్లు చెంచా మీదుగా మెల్లగా. చివర్లో నిమ్మకాయ పిండితే నీలం కాస్తా వంకాయ రంగుకి తిరుగుతుంది. కనుగుడ్డు కోసం తాటి టెంక లోపల కట్టే తెల్లటి బుర్రగుంజుకి గుంట పెట్టి నల్లద్రాక్ష కూర్చాలని ఆలోచన. మిగిలింది పొగ. డ్రై ఐస్ ముక్క గ్లాసులో వేస్తే పొగ వస్తుందంటున్నారు. ఎవరైనా వేశారా?

రాయగడ_కుర్రోడు:
అమ్మా, మీ అబ్బాయి స్నేహితుల్లో మూడోవాణ్ని నేను. రాసుకోండి.

గుణుపురం_మాస్టారు:
కార్తీక మాసంలో ఇంట్లో దెయ్యాల పేరు మీద సారా. బాగుంది. పక్కింటి ఒడియా వాళ్లు కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాటి నుంచే కార్తీకమని నీచు మానేసి ఉంటారు. మనమేమో గ్లాసులో నెత్తురు పోసి ఫొటోలు తీసుకుంటాం. అసలు కాక్‌టెయిల్ అంటే ఏటమ్మా, కోడి తోకా? ఒక తెలుగు మాటైనా దొరకలేదా? గిడుగు రామమూర్తి గారు తిరిగిన ఊరు మీది.

పాతపట్నం_బావ:
మాస్టారూ, గిడుగు వారు పోరాడిందే జనం నోట్లో మాట పుస్తకంలోకి రావాలని. జనం కాక్‌టెయిల్ అంటున్నారు. ఆయనుంటే అదే రాసేవారు.

గుణుపురం_మాస్టారు:
ఆయనకు పట్టింపు లేదనుకోకు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఇష్టంలేక రాజమండ్రి వెళ్లిపోయిన మనిషి. వ్యావహారికం అంటే ఏది పడితే అది అని కాదు.

పాతపట్నం_బావ:
ఆయన వెళ్లింది రాష్ట్రం గురించి. రమ్ము గురించి కాదు.

బరంపురం_సిస్టర్:
మీరిద్దరూ కాసేపు ఆగండి. ఆవిడ అడిగింది డ్రై ఐస్ గురించి. నేను నర్సుని, పద్దెనిమిదేళ్ల సర్వీసు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీలు. చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే అవుతుంది. తాగేటప్పుడు చిన్న ముక్క గొంతులోకి జారితే లోపలంతా అదే పరిస్థితి. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక హోటల్లో భోజనం అయ్యాక మౌత్ ఫ్రెషనర్ అని డ్రై ఐస్ ఇచ్చారు. తిన్నవాళ్లు నెత్తురు కక్కుకుని ఆసుపత్రిలో పడ్డారు. వార్త చదివే ఉంటారు. ఇంగ్లండ్‌లో 2012లో ఒకమ్మాయి పుట్టినరోజునాడు లిక్విడ్ నైట్రోజన్ పోసిన డ్రింకు తాగితే కడుపే తీసేయాల్సి వచ్చింది. అది వేరే పదార్థమే, ఇంకా చల్లన. కానీ పొగ మోజు ఒకటే. గ్లాసులో వేయొద్దు. సీసాలో వేసి మూత అసలు పెట్టొద్దు, పేలుతుంది.

రాయగడ_కుర్రోడు:
బార్లలో వేస్తున్నారు కదా సిస్టర్?

బరంపురం_సిస్టర్:
బార్లో ఏం చేస్తారో నాకు తెలీదు. పొగ కావాలంటే పెద్ద బేసిన్లో గోరువెచ్చని నీళ్లు పోసి, పట్టకారుతో ముక్క అందులో వేసి, మధ్యలో గ్లాసులు నిలబెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి. ఆ గాలి మామూలు గాలి కన్నా బరువు, కిందనే పరుచుకుంటుంది. నేల మీద పసిపిల్లలు, కుక్కలు ఉండకూడదు. ఇంకొకటి. నలుపు రంగుకి యాక్టివేటెడ్ చార్‌కోల్ వేయాలని ఎవరో చెప్తారు. వేసుకున్న మందుల్ని అది పట్టేస్తుంది. బీపీ మాత్ర వేసుకునే వాళ్లు తాగితే మాత్ర వేసుకోనట్టే.

జయపురం_జీలుగు:
మా దగ్గర జీలుగు కల్లు పొద్దున్నే చెట్టు దింపి తాగుతాం. పొగా లేదు, కన్నూ లేదు.

మహేంద్రతనయ_గట్టు:
సిస్టర్ గారూ, బేసిన్ మాట బాగుంది, అలాగే చేస్తాను. మాస్టారూ, దెయ్యాల పండగ మనకి కొత్తేం కాదు. బూడిద గుమ్మడికి కళ్లూ కోరలూ గీసి గుమ్మానికి కట్టుకుంటాం కదా. ఐర్లండ్ వాళ్లు ముందు టర్నిప్ దుంపలు చెక్కేవారట. అమెరికా వెళ్లాక గుమ్మడికాయ పెద్దదిగా కనబడి దానికి మారారు. మాది అప్పటికే గుమ్మడికాయ.

గుణుపురం_మాస్టారు:
దిష్టి గుమ్మడి చెడు లోపలికి రాకుండా కడతాం. మీరు లోపలికి పిలిచి గ్లాసులో పోస్తున్నారు.

పాతపట్నం_బావ:
దీపావళి నాడు ఒడియా వాళ్లు గోగు పుల్లలు వెలిగించి "బడబడువా హో" అని చచ్చిన పెద్దల్ని పిలుస్తారు. చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని. మీ వీధిలో అందరూ చేస్తారు, మీరూ చేస్తారు. అది పిలవడం కాదా?

గుణుపురం_మాస్టారు:
అది గోగు కాదు, జనప పుల్ల. తెలీకపోతే రాయకు.

పాతపట్నం_బావ:
మా ఊళ్లో గోగుకాడలకి గుడ్డ పీలికలు కట్టి "దిబ్బు దిబ్బు దీపావళి" అని కొడతాం. పుల్ల ఏదైతే ఏంటండీ!

గుణుపురం_మాస్టారు:
పుల్ల ఏదైనా ఒకటే అనేవాడికి ఏ రోజైనా ఒకటే. పెద్దల్ని పిలవడానికి ఒక తిథి ఉంది. మీ అక్టోబర్ 31కి తిథి ఏది?

రాయగడ_కుర్రోడు:
2024లో సరిగ్గా అక్టోబర్ 31నే దీపావళి వచ్చింది మాస్టారూ 😀

పాతపట్నం_బావ:
మాస్టారికి తిథీ కాదు, పుల్లా కాదు. పిల్లలు సరదాగా ఉంటే నొప్పి. మా ఊళ్లోనూ ఉన్నారు ఇలాంటి పెద్దలు. పెళ్లి విందులో రెండు పెగ్గులు లోపలికి పంపించుకుని, బయటికొచ్చి కుర్రాళ్లకి నీతులు చెప్తారు.

గుణుపురం_మాస్టారు:
నేను చుక్క ముట్టి పంతొమ్మిదేళ్లయింది. ఎవరికి చెప్తున్నావో చూసుకుని రాయి.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. మా తమ్ముడికి మొదటి గ్లాసు పోసింది నేనే. మా ఇంట్లోనే. సంక్రాంతి నాడు, బయట ఎక్కడో తాగేకన్నా నా కళ్లముందు తాగనీ అని. సరదాకే. అమ్మ గారెలు వేస్తోంది, నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంట్లో తప్పు కానిది వాడికి ఎక్కడా తప్పు కాలేదు. ఉద్యోగం పోయింది, పెళ్లాం పుట్టింటికి వెళ్లింది. లివర్ పోయి నలభై రెండో ఏట చచ్చిపోయాడు. ప్రతి దీపావళికీ ఆ పుల్ల వెలిగించి నేను పిలిచేది వాణ్ని. మీరు గ్లాసులో కనుగుడ్డు వేసుకుని నవ్వుకోండి.

రాయగడ_కుర్రోడు:
సారీ మాస్టారూ.

పాతపట్నం_బావ:
నాకు తెలీదు మాస్టారూ. ఆ పెగ్గుల మాట అనకుండా ఉండాల్సింది.

మహేంద్రతనయ_గట్టు:
మాస్టారూ, ఇది ముందే చెప్పి ఉంటే కోడి తోక దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు. మీ తమ్ముడి సంగతి చదివి మనసు పాడైంది. కానీ నాదీ వినండి. మా ఆయన ఇంట్లో చుక్క ముట్టేవారు కాదు. తులసికోట ఉన్న ఇల్లు, అమ్మ ఉన్న ఇల్లు అని. రోజూ సాయంత్రం ఊరి బయట రోడ్డు పక్క దుకాణం దగ్గరే. ఇంటికి ఏ రాత్రి ఎలా వస్తారో తెలిసేది కాదు. ఒక రాత్రి బండితో సహా కాలవలో దొరికారు. బతికారు, కాలు పోయింది. ఇంట్లోకి రానివ్వకపోతే తాగరనుకున్నాం. మీరు లోపల పోసి పోగొట్టుకున్నారు, మేం బయటికి తోసి పోగొట్టుకున్నాం.

గుణుపురం_మాస్టారు:
మీ ఆయనకి కాలు పోయింది. మనిషి మిగిలాడు. రెండూ ఒకటి కాదు.

మహేంద్రతనయ_గట్టు:
కాదు. ఒకటని నేనలేదు. కానీ మా వాడికి ఇరవై నాలుగేళ్లు. పుణెలో ఏం తాగుతాడో నేను చూడను. ఏడాదికి ఒకసారి వచ్చి "అమ్మా, చెయ్యి" అని అడిగాడు. వద్దంటే స్నేహితులతో బరంపురంలో గది తీసుకుంటాడు. నాకు కావలసింది వాడు ఆ రాత్రి ఇంట్లో ఉండటం. రమ్ము కొలత నా చేతిలో ఉంటుంది.

గుణుపురం_మాస్టారు:
కొలత నా చేతిలోనే ఉందని నేనూ అనుకున్నాను.

బరంపురం_సిస్టర్:
ఒక జగ్గు రమ్ము లేకుండా కలపండమ్మా. నీలం, బెల్లం, నిమ్మ అన్నీ అలాగే. చూడ్డానికి తేడా తెలీదు. మొదటి గ్లాసు దాంట్లోంచి ఇవ్వండి. ఎంతమంది రెండోది అడుగుతారో చూడండి.

జయపురం_జీలుగు:
బుర్రగుంజు అప్పటికి సరిగా కట్టదు. ఇంకో నెల ఆగాలి. డబ్బా లీచీ తెచ్చుకోండి.

మహేంద్రతనయ_గట్టు:
మా పెరట్లో టెంకలు శ్రావణంలోనే పాతాను. నిన్న ఒకటి కొట్టి చూశాను, లేతగా ఉంది కానీ ద్రాక్షపండు నిలుస్తుంది. సిస్టర్ గారూ, ఆ జగ్గు మాట చేస్తాను. మాస్టారూ, మీరు ఊఁ అనరని తెలుసు.

గుణుపురం_మాస్టారు:
అనను.

రాయగడ_కుర్రోడు:
శంఖుపూలు పచ్చివా, ఎండినవా?

మహేంద్రతనయ_గట్టు:
పచ్చివే. తొడిమ దగ్గర ఆకుపచ్చ భాగం తీసెయ్, లేకపోతే పసరు వాసన.