పీఆర్ ఫైల్ నడుస్తుండగా భార్య కెనడా వెళ్లి కూర్చోవాలా, ఇక్కడే ఉండాలా?

గచ్చిబౌలి_గౌరి:
అందరికీ నమస్తే. మా పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన మిస్సిసాగాలో ఉంటారు, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఉంది, సిటిజన్‌షిప్ ఇంకా రాలేదు. స్పౌజ్ స్పాన్సర్‌షిప్ ఔట్‌ల్యాండ్ (నేను కెనడా బయట ఉన్నట్టుగా) కింద వేశాం. ఏఓఆర్ (ఫైల్ అందిందన్న రసీదు) వచ్చింది, బయోమెట్రిక్స్ హైదరాబాద్‌లోనే ఇచ్చాను, మెడికల్ అయిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. పొద్దున లేవగానే పోర్టల్ తెరవడం, "ప్రాసెస్‌లో ఉంది" అని చూసి మూసేయడం, ఇదే పని.

ఇప్పుడు ఇంట్లో గొడవేంటంటే, ఉద్యోగం మానేసి విజిటర్ వీసా మీద వచ్చేయ్, మిగతాది ఇక్కడే చూసుకుందాం అని ఆయన. పెళ్లయిన పిల్ల పుట్టింట్లో ఉంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని అత్తగారు. మా అమ్మేమో ఉద్యోగం మాత్రం వదలొద్దు అంటుంది. నేను టెస్టింగ్‌లో ఉన్నాను, ఈ మధ్యే లీడ్ చేశారు. నా జీతంలోంచి నాన్న ఇంటి లోన్ ఈఎంఐ కడుతున్నాను, అది ఆగితే కష్టం. అమీర్‌పేటలో ఒక కన్సల్టెంట్‌ని అడిగితే "విజిటర్ ఫారంలో సింగిల్ అని పెట్టండి మేడమ్, ఈజీగా వచ్చేస్తుంది" అన్నాడు, అదింకా భయపెట్టింది.

మానేసి వెళ్లాలా, ఆగాలా? ఏదో ఒకటి కారణంతో సహా చెప్పండి, "మీ ఇష్టం" అని మాత్రం అనకండి ప్లీజ్.

మంచులో_సీను:
వెళ్లిపోండి, ఇందులో ఆలోచించేదేముంది. పెళ్లి చేసుకున్నది ఫోన్ స్క్రీన్‌లో మొహాలు చూసుకోవడానికా? మొదటి ఏడాది ఒకరికొకరు అలవాటు కాకుండా వేర్వేరుగా ఉంటే తర్వాత ఇద్దరూ కొత్తవాళ్లలాగే ఉంటారు, మా ఫ్రెండ్స్‌లో చూశాను. పైగా 2023 మే చివర్లో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి షాన్ ఫ్రేజర్ స్వయంగా చెప్పారు, స్పౌజ్ ఫైల్ ఉన్నవాళ్ల విజిటర్ వీసాలు త్వరగా చూస్తామని, కెనడాలో ఉంటే ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసుకునే అనుమతి) కూడా వేసుకోవచ్చని. గవర్నమెంటే రమ్మంటుంటే మనవాళ్లకు ఇండియాలో ఉద్యోగం, ఈఎంఐ, అమ్మ, నాన్న.

కందిపొడి_ప్రియుడు:
సీను బ్రో, స్పౌజ్ వర్క్ పర్మిట్లు 2025 జనవరి నుంచి ఆపేశారు కదా? మా రూమ్మేట్ భార్యకి రిజెక్ట్ అయింది. పాపం ఆవిడకి ఆశలు పెట్టకండి.

ఫైల్_పిచ్చోడు:
రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారు. 2025 జనవరి 21 నుంచి కట్ చేసింది స్టూడెంట్ల, వర్క్ పర్మిట్ వాళ్ల భార్యాభర్తలకు. స్టూడెంట్ అయితే 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని ప్రొఫెషనల్ కోర్సులు ఉండాలి, వర్కర్ అయితే పై స్థాయి ఉద్యోగాలు, లిస్టులో ఉన్న మరికొన్ని. మీ రూమ్మేట్ దాంట్లో పడి ఉంటాడు. గౌరి గారిది అది కాదు, భర్త పీఆర్, ఆయన ఈవిడను స్పాన్సర్ చేస్తున్నాడు. ఈ దారిలో ఏఓఆర్ వచ్చాక, కెనడాలో స్టేటస్‌తో ఉండి, ఇద్దరూ ఒకే అడ్రస్‌లో ఉంటే ఓపెన్ వర్క్ పర్మిట్ వేయొచ్చు. ఇదివరకు ఇన్‌ల్యాండ్ (కెనడాలోనే కలిసి ఉంటూ ఫైల్ వేసే) వాళ్లకే ఉండేది, 2023 తర్వాత ఔట్‌ల్యాండ్ ఫైల్ వేసి అక్కడికి వచ్చినవాళ్లకు కూడా ఇస్తున్నారు.

అయితే సీను గారు చెప్పనిది ఒకటుంది. వర్క్ పర్మిట్ దిగిన రోజే చేతికి రాదు. వేశాక నెలల తరబడి ఆగాలి, ఆలోపు అక్కడి కంపెనీలో రూపాయి పని చేయకూడదు. హెల్త్ కార్డు కూడా విజిటర్‌కి రాదు, జ్వరమొచ్చినా సొంత ఇన్సూరెన్సే.

ఇంకోటి, ఇది గౌరి గారికి అసలు పాయింట్. ఉద్యోగం మానేసి విజిటర్ వీసా వేస్తే "ఈవిడ గడువయ్యాక తిరిగి వెళ్తుందా" అన్న ప్రశ్నకు మీ చేతిలో ఏం మిగులుతుంది? పీఆర్ ఫైల్ ఉన్నా టెంపరరీగా రావొచ్చని వాళ్ల చట్టంలోనే ఉంది, సెక్షన్ 22, రెండో సబ్ సెక్షన్. కానీ అవసరమైతే వెనక్కి వెళ్తారని ఆఫీసర్ నమ్మాలి. కంపెనీ ఇచ్చిన లీవ్ లెటర్ ఆ నమ్మకానికి పనికొస్తుంది. అంటే మానేయమంటున్న ఆయనే తెలియకుండా వీసాకి అడ్డం పడుతున్నారు.

మంచులో_సీను:
మంచి లెక్చర్ అన్నా. కానీ మా కజిన్ ఏ ఉద్యోగమూ లేకుండా వేసింది, వీసా వచ్చింది. అందరికీ లీవ్ లెటర్లు అక్కర్లేదు.

బేస్‌మెంట్_భారతి:
నేను సీను గారు చెప్పినట్టే వెళ్లినదాన్ని. ఎంకామ్ చేసి, ఇక్కడ ఆడిటర్ ఆఫీసులో చేసేదాన్ని, మానేసి నవంబర్‌లో దిగాను. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్. కిటికీ అంటే గోడ పైభాగంలో జానెడు అద్దం, డిసెంబర్ వచ్చేసరికి దాని నిండా మంచు, పగలు కూడా లైటు వేసుకునే ఉండాలి. పైన ఓనర్ల పిల్లలు పరిగెడితే నెత్తిమీద పరిగెత్తినట్టే. ఆయన వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, పొద్దున వచ్చి పడుకుంటే నేను చప్పుడు కాకుండా వంట చేయాలి, పోపు పెట్టాలన్నా ఆలోచనే, స్మోక్ అలారం మోగితే ఆయన లేస్తారు. ఆయన చెడ్డవారని కాదు, చాలా మంచివారు. కానీ కొబ్బరి నూనె సీసా కొనాలన్నా ఆయన కార్డు అడగాలి. నా సంపాదనతో అమ్మకి చీర కొన్న మనిషిని నేను.

వర్క్ పర్మిట్ వేశాం, దాని కోసం ఇంకో ఎదురుచూపు. ఇండియాలో ఒక పోర్టల్ చూసేదాన్ని, అక్కడికి వెళ్లాక రెండు చూశాను, అంతే తేడా. కలిసి ఉన్నామా అంటే ఉన్నాం, కాదనను. ఆదివారాలు బాగుండేవి. మిగతా ఆరు రోజులు ఎవరూ లెక్కలో వేసుకోరు.

మంచులో_సీను:
అక్కా, మీ ఆయన నైట్ షిఫ్ట్ అయితే దానికి వీసా ఏం చేస్తుంది. అందరూ బేస్‌మెంట్‌లో ఉండరు. ఇండియాలోనే ఉండి ఉంటే ఆ ఆదివారాలు కూడా ఉండేవి కాదుగా?

ఎదురుచూపుల_ఏలూరు:
ఇక్కడ ఉండిపోయినదాన్ని నేను, నా గోడు కూడా వినండి. ఉండిపోవడం సుఖమని అనుకోకండి. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ముందు ప్లేట్ చేతిలో పెడతారు, వెంటనే "వీసా వచ్చిందా అమ్మా" అంటారు. శ్రావణమాసం నోములకు పిలిచి మరీ అడుగుతారు. మా చిన్నత్తయ్య అయితే "అక్కడ ఇంకేమైనా ఉందేమో కనుక్కో" అంది, నవ్వుతూనే అంది కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. టొరంటోకి మనకీ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర తేడా. ఆయన తిని కూర్చునేసరికి నేను టిఫిన్ బాక్సు సర్దుకుంటూ ఉంటాను, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి మాట్లాడేదాన్ని. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి ప్రూఫ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి, మొగుడూపెళ్లాం మాట్లాడుకున్నారని ఆఫీసర్‌కి చూపించడానికి!

అయినా నేను గౌరికి చెప్పేది ఉద్యోగం వదలకనే. అన్ని మాటలు పడ్డా నెలాఖరుకి నా అకౌంట్‌లో నా జీతం పడేది, అది లేకపోతే ఆ ఏడాది గడిచేది కాదు.

కడప_కంచుకోట:
అమెరికాలో గ్రీన్ కార్డు వాడి భార్య పరిస్థితి చూస్తే మీరంతా అదృష్టవంతులు. హెచ్‌1బీ వాడు పెళ్లాన్ని హెచ్‌4 మీద తీసుకెళ్లిపోతాడు, అదే గ్రీన్ కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్నవాడు ఎఫ్‌2ఏ (గ్రీన్ కార్డు వాళ్ల భార్యాపిల్లల) క్యూలో నిలబడాలి, ఏటా ఇన్నే వీసాలని కోటా. సిటిజన్ అయితేనే కోటా లేదు. కెనడాలో స్పౌజ్ ఫైల్‌కి అమెరికాలోలా క్యూ ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ గోల లేదు, 12 నెలల్లో తేల్చాలనే లక్ష్యమైనా ఉంది.

కందిపొడి_ప్రియుడు:
లక్ష్యం ఉంది సరే. క్యూబెక్ రాష్ట్రంలో ఉన్నవాళ్లని ఒకసారి కదిపి చూడండి, ఎదురుచూసీ ఎదురుచూసీ ఏడుస్తారు.

ఇల్లరికం_అల్లుడు:
నేను రివర్స్ కేసు. నా భార్య కాల్గరీలో నర్సు, పీఆర్. నేను విజయవాడలో బ్యాంకులో. ఆమె నన్ను స్పాన్సర్ చేసింది. ఫైల్ అదే, ఫారాలు అవే. కానీ ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు, "ఉద్యోగం మానేసి భార్య దగ్గరికి పో" అనలేదు నాతో. పైగా "పీఆర్ రాకుండా వెళ్లి పెళ్లాం సంపాదన మీద కూర్చుంటావా, పరువు పోతుంది" అన్నారు, మా మామగారు కూడా అన్నారు. సెలవు పెట్టి చూసొస్తానంటే "అదీ పద్ధతి" అని మెచ్చుకున్నారు. గౌరి గారికేమో మొగుడి దగ్గర లేకపోతే తప్పంటున్నారు. నాకు పరువు అయినది ఆవిడకు తలబిరుసు ఎలా అయింది? సీను, నీకే అడుగుతున్నా, నేను ఇదే ప్రశ్న వేసి ఉంటే "ఆలోచించేదేముంది, మానేసి వెళ్లిపో" అనేవాడివా?

మంచులో_సీను:
మీ కేసు వేరు. బ్యాంకు ఉద్యోగం.

ఇల్లరికం_అల్లుడు:
ఆవిడది టీమ్ లీడ్ ఉద్యోగం.

ఫైల్_పిచ్చోడు:
కొట్టుకోండి గానీ ఆ కన్సల్టెంట్ సలహా సంగతి ఎవరూ ఎత్తలేదు. గౌరి గారూ, ఫారంలో సింగిల్ అని పెట్టారో మీ పని అయిపోయినట్టే. మీ ఆయన స్పాన్సర్‌షిప్ ఫైల్‌లో మీరు భార్య అని రాసి ఉంది, అదే డిపార్ట్‌మెంట్, అదే పాస్‌పోర్టు నంబరు. దాన్ని మిస్‌రిప్రజెంటేషన్ అంటారు, 5 ఏళ్లు కెనడా గుమ్మం తొక్కనివ్వరు, నడుస్తున్న పీఆర్ కూడా పోతుంది. నిజం రాస్తే మహా అయితే విజిటర్ వీసా రిఫ్యూజ్ అవుతుంది, అందువల్ల పీఆర్ ఫైల్ ఆగదు, ఆ తర్వాత ఎక్కడ అడిగినా ఆ రిఫ్యూజల్ దాచకుండా రాస్తే చాలు.

ఇంకెవరైనా "అక్కడికి వెళ్లాక ఔట్‌ల్యాండ్ తీసేసి ఇన్‌ల్యాండ్ వేయండి" అంటే వినకండి. ఔట్‌ల్యాండ్ రిఫ్యూజ్ అయితే మీ ఆయన 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లొచ్చు, కొత్త సాక్ష్యాలు కూడా పెట్టొచ్చు. ఇన్‌ల్యాండ్‌కి ఆ హక్కు లేదు, ఫెడరల్ కోర్టుకి పోవాలి, అక్కడ చూసేది ఆఫీసర్ నిర్ణయం సక్రమంగా తీసుకున్నాడా లేదా అని. పైగా ఇన్‌ల్యాండ్ అంటే అక్కడే కాపురం ఉండాలి. మధ్యలో ఇంట్లో ఎవరికో బాగోలేదని ఇండియా వచ్చి మళ్లీ ఎంట్రీ దొరక్కపోతే ఫైల్ గంగలో కలిసినట్టే. ఔట్‌ల్యాండ్‌కి ఆ బెడద లేదు, వెళ్లొచ్చు, రావొచ్చు.

ఆయన్ని మాత్రం సెలవు మీద సెలవు పెట్టి ఇక్కడ నెలల తరబడి ఉండనివ్వకండి. సిటిజన్ అయితే బయట ఉండి కూడా స్పాన్సర్ చేయొచ్చు, పీఆర్ అయితే కెనడాలో నివాసం ఉండాలి. మెడికల్ కూడా 12 నెలలే చెల్లుతుంది, డేట్ చూసుకుంటూ ఉండండి. ఫైల్ మరీ కదలకపోతే ఆయన 5 డాలర్లు కట్టి జీసీఎంఎస్ నోట్స్ (ఫైల్ మీద ఆఫీసర్లు రాసుకున్నవి) తెప్పించుకోవచ్చు, ఎక్కడ ఆగిందో కొంతైనా తెలుస్తుంది, పోర్టల్ చూసి బీపీ పెంచుకోవడం కంటే నయం.

బేస్‌మెంట్_భారతి:
గౌరీ, ఒక మాట. ఇది ఇక్కడ ఎవరూ అడగరు కాబట్టి నేను చెప్తున్నా. పిల్లల సంగతి ముందే మాట్లాడుకోండి. విజిటర్‌గా ఉండగా ప్రెగ్నెన్సీ వస్తే హాస్పిటల్ ఖర్చంతా మీదే. ఇండియాలో పుడితే పీఆర్ రాకముందే బిడ్డ పేరు ఫైల్‌లో చేర్పించాలి. చెప్పకుండా ల్యాండ్ అయితే తర్వాత ఆ బిడ్డని స్పాన్సర్ చేయడం పెద్ద తలనొప్పి.

గచ్చిబౌలి_గౌరి:
అందరికీ థాంక్స్, సీను గారికి కూడా. అల్లుడు గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఆయనకి పంపాను. చాలాసేపు రిప్లై లేదు, తర్వాత "నేను అలా ఆలోచించలేదు" అని ఒక్క ముక్క వచ్చింది. అత్తగారికి ఇంకా చూపించలేదు, ఆ ధైర్యం లేదు.

రాజీనామా అయితే చేయట్లేదు. హెచ్‌ఆర్‌ని అడిగాను, ఉన్న ఎర్న్‌డ్ లీవులు ఒకేసారి వాడుకోమన్నారు, లెటర్ ఇస్తామన్నారు. పెళ్లయిందని, పీఆర్ ఫైల్ నడుస్తోందని అన్నీ రాసే విజిటర్ వేస్తాను, వస్తే వెళ్లి చూసి వస్తాను, రాకపోతే ఆయన సంక్రాంతికి వస్తారు. ఒక డౌట్ మిగిలింది. అక్కడ ఉన్నన్నాళ్లు ల్యాప్‌టాప్ మీద ఇక్కడి కంపెనీ పనే చేసుకోవచ్చా? లీవులు మిగులుతాయి.

ఫైల్_పిచ్చోడు:
కెనడా వైపు నుంచి ఇబ్బంది లేదు, బయటి దేశం కంపెనీకి రిమోట్‌గా చేసుకునేవాళ్లు విజిటర్ స్టేటస్ మీద 6 నెలల వరకు ఉండొచ్చని వాళ్లే చెప్పారు. అడగాల్సింది మీ కంపెనీని. చాలా క్లయింట్ ప్రాజెక్టుల్లో ఇండియా బయటినుంచి లాగిన్ అయితే ఒప్పుకోరు. మేనేజర్ నోటిమాట మీద వెళ్లకండి, మెయిల్‌లో తీసుకోండి.

మంచులో_సీను:
సరే, మీరంతా ఒక జట్టు. వచ్చేటప్పుడు మాత్రం జనవరిలో రాకండి, మేలో రండి, లేకపోతే భారతి గారి కిటికీయే చూసి వెళ్తారు.